బాక్సింగ్‌లో గార్డ్ ఎప్పుడు దించొచ్చు, కాళ్లు ఎప్పుడు దాటించొచ్చు?

ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు ఏడాదిన్నరగా బాక్సింగ్ నేర్చుకుంటున్నారు, జిల్లా స్థాయిలో రెండు బౌట్లు (పోటీలు) ఆడారు. కోచ్ రోజూ చెప్పే మాటలు ఇవి: గార్డ్ (ముఖానికి కాపలాగా ఎత్తిన చేతులు) దించొద్దు, గడ్డం లేపొద్దు, కాలు కాలిని దాటించొద్దు, వెనక చేత్తో మొదలుపెట్టొద్దు, తిన్నగా వెనక్కి వాలొద్దు, తాళ్లకు ఆనొద్దు. వీడియోల్లో చూస్తే అలీ, రాయ్ జోన్స్, మేవెదర్, లోమచెంకో లాంటి ప్రపంచ ఛాంపియన్లు వీటిలో ఏదో ఒకటి చేస్తూనే గెలిచారు. మరి ఈ నియమాలు ఎప్పుడు తప్పొచ్చు?

కోచ్ చెప్పేదీ నిజమే, మీరు చూసిందీ నిజమే. ఆయన నియమం చెబుతున్నారు గానీ అది ఏ దెబ్బను ఆపడానికి పుట్టిందో చెప్పి ఉండరు. ముప్పై మంది పిల్లల్ని ఒక్కరే చూసుకునే కోచ్‌కి అంత తీరిక ఉండదు, ఆయన్ని తప్పుపట్టక్కర్లేదు. బాక్సింగ్‌లో ప్రతి నియమం వెనకా ఓ దెబ్బ ఉంటుంది. అదేమిటో, ఎటువైపు నుంచి వస్తుందో తెలుసుకోండి. ఈ దూరంలో, ఈ ప్రత్యర్థి దగ్గర నుంచి, ఈ క్షణంలో అది రాగలదా అని చూసుకోండి. రాలేదని తేలితే నియమాన్ని పక్కన పెట్టొచ్చు. ఆ లెక్క లేకుండా చేతులు దించితే, బయటివాళ్లకు అది స్టైల్‌లా కనిపించినా అవతలివాడికి మాత్రం తెరిచిన తలుపే.

ముందు చేతుల సంగతి చూద్దాం. అందరూ మొదట కాపీ కొట్టేది దాన్నే.

గార్డ్ పైన ఎందుకుండాలి? దగ్గరి దూరంలో పంచ్‌ని కన్ను చూసి చెయ్యి లేచేలోపే గ్లవ్ ముఖం మీద ఉంటుంది. అందుకే చెయ్యి ముందుగానే అక్కడ కాపలా ఉండాలి. అంటే ఇది దూరానికి సంబంధించిన నియమం. ప్రత్యర్థి నిలబడ్డ చోటి నుంచి జాబ్ (ముందు చేత్తో తిన్నగా వేసే పంచ్) పూర్తిగా చాచినా మీ ముక్కుకు జానెడు ఇవతల ఆగిపోయేంత దూరంలో మీరున్నారనుకోండి. మిమ్మల్ని తాకాలంటే అతను ముందు కాలు కదపాలి. ఆ కాలే మీకు హెచ్చరిక. చూపు అతని ఛాతీ పైభాగం మీద పెడితే భుజాలు, మోకాళ్లు రెండూ చూపు అంచుల్లో పడతాయి. గ్లవ్‌ని చూస్తూ కూర్చునేవాడికి ఎప్పుడూ ఆలస్యమే.

ఆ దూరంలో ముందు చెయ్యి దించితే లాభం ఉంది. జాబ్ కింది నుంచి, అతని గ్లవ్‌ల చాటు నుంచి వస్తుంది కాబట్టి ఆలస్యంగా కనిపిస్తుంది. మీ భుజానికి విశ్రాంతి దొరుకుతుంది, మీ చూపుకు మీ గ్లవ్‌లే అడ్డురావు. దాని ఖరీదు ఏమిటో కూడా తెలిసి ఉండాలి. ఇద్దరూ ఆర్థోడాక్స్ (ఎడమ కాలు, ఎడమ చెయ్యి ముందు పెట్టి ఆడేవాళ్లు) అయితే, మీ ఎడమ చెయ్యి దిగినప్పుడు దాని మీదుగా అతని రైట్, అంటే కుడి చేతి పంచ్, వస్తుంది. మీ కుడి చెయ్యి దిగితే అతని లెఫ్ట్ హుక్, అంటే పక్క నుంచి వంపు తిరిగే ఎడమ చేతి పంచ్, వస్తుంది. అలీ కెరీర్ అంతా వెంటాడింది ఈ రెండోదే. 1963 జూన్‌లో, ఇంకా కాషియస్ క్లే అన్న పాత పేరుతో ఉన్నప్పుడు, వెంబ్లీలో హెన్రీ కూపర్ 4వ రౌండ్ చివర లెఫ్ట్ హుక్‌తో అతన్ని కింద పడేశాడు. 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 15వ రౌండ్‌లో జో ఫ్రేజియర్ పడేసిందీ లెఫ్ట్ హుక్‌తోనే. మధ్యలో ఏడెనిమిదేళ్లు గడిచినా కంత మాత్రం పూడలేదు. అలీ దాంతోనే నెగ్గుకొచ్చాడంటే ఆ ఎత్తు, ఆ కాళ్లు, దెబ్బ తిని లేచే ఆ శక్తి వేరు.

రాయ్ జోన్స్ సంగతి ఇంకా స్పష్టం. ఏళ్ల తరబడి చేతులు తొడల దగ్గర పెట్టుకుని, జాబ్ లేకుండానే లెఫ్ట్ హుక్‌తో దాడి మొదలుపెట్టి గెలిచాడు. 35 ఏళ్ల వయసులో, 2004 మేలో సౌత్‌పా (కుడి కాలు, కుడి చెయ్యి ముందు పెట్టి ఆడేవాడు) అయిన ఆంటోనియో టార్వర్ అతన్ని 2వ రౌండ్‌లో లెఫ్ట్‌తో పడగొట్టాడు. అదే సెప్టెంబరులో గ్లెన్ జాన్సన్ 9వ రౌండ్‌లో నాకౌట్ చేశాడు. వేగం మీదే నిలబెట్టిన డిఫెన్స్‌కి వేగం కాస్త తగ్గితే కింద రెండో వరస ఉండదు. మీ వేగం జోన్స్ వేగంలో సగం అనుకున్నా, ఆ రెండో వరస మీకు మొదటి రోజు నుంచే కావాలి.

కాబట్టి దించాలనుకుంటే ఇలా దించండి. ముందు చెయ్యి ఒక్కటే. వెనక గ్లవ్ చెంప ఎముకను తాకుతూ ఉండాలి, మోచెయ్యి పక్కటెముకలకు ఆని ఉండాలి. ముందు భుజం కాస్త లేచి గడ్డం దాని వెనక దాగాలి. ఒళ్లు పక్కకు తిరిగి ఉండాలి, బరువు కొంచెం వెనక కాలి మీద ఉండాలి. మీ వెనక తాళ్లకు కనీసం రెండడుగుల ఖాళీ ఉండాలి, లేకపోతే తప్పుకోవడానికి చోటు లేదు. అతని ముందు కాలు కదిలిన మరుక్షణం మూడింట్లో ఒకటి జరగాలి: జాబ్ వేయడం, ఒక అడుగు వెనక్కి జారడం, లేదా గార్డ్ పైకి తేవడం. ఏదో ఒకటి చాలు, కానీ ముందే నిర్ణయించుకుని ఉండాలి. చెయ్యి కింద పెట్టుకుని ‘చూద్దాం’ అనుకుంటే దెబ్బ తగిలాకే చూస్తారు.

చాలామంది పొరపడేది ఇక్కడే. బయటి దూరంలో కావాలని దించిన చెయ్యి వేరు, కాంబినేషన్ (వరస పంచ్‌లు) వేశాక అలసటతో జారిపోయిన చెయ్యి వేరు. ఫోన్‌ని రింగ్ పక్కన మూడు నాలుగు మీటర్ల దూరంలో పెట్టి స్పారింగ్ (పార్ట్‌నర్‌తో ప్రాక్టీస్ బౌట్) వీడియో తీయండి. మీ చెయ్యి దిగిన ప్రతిచోటా ఆపి, అప్పుడు అవతలివాడు ఎంత దూరంలో ఉన్నాడో చూడండి. దిగడమంతా మీ పంచ్ తర్వాత, దగ్గరి దూరంలోనే, అదీ మూడో రౌండ్‌లోనే ఎక్కువగా కనిపిస్తే, అది ఊపిరి సమస్య. దానికి మందు స్కిప్పింగ్, రన్నింగ్, పంచింగ్ బ్యాగ్ మీద ప్రతి పంచ్ తర్వాత గ్లవ్‌ని చెంపకు తెచ్చే పాత అలవాటు.

ఎడమ చెయ్యి పొట్ట మీద అడ్డంగా, కుడి గ్లవ్ గడ్డం పక్కన పెట్టుకుని, వచ్చిన రైట్‌ని భుజం మీద దొర్లించేసే పద్ధతి ఉంది కదా, జేమ్స్ టోనీ, మేవెదర్ వాడింది. దీన్ని నియమం తప్పడం అనుకోవద్దు. అది మరో పూర్తి పద్ధతి, దాని నియమాలు దానికి ఉన్నాయి. ఆర్థోడాక్స్ ప్రత్యర్థి రైట్‌కి మీ ఎడమ భుజం అడ్డంగా ఉంటుంది కాబట్టి అది పనిచేస్తుంది. సౌత్‌పా ఎదురైతే అతని బలమైన ఎడమ చెయ్యి మీ తెరిచిన వైపు నుంచి వస్తుంది, భుజం దారిలోనే ఉండదు. 2006లో జ్యాబ్ జూడా అనే సౌత్‌పా బాక్సర్‌తో మొదటి రౌండ్లలో మేవెదర్ అంతటివాడే ఇబ్బంది పడ్డాడు. తర్వాత గార్డ్ ఎత్తి ముందుకు నడిచాకే బౌట్ అతని చేతికి వచ్చింది. సౌత్‌పా మీద ఈ భుజం పద్ధతి వాడొద్దని నా సూటి సలహా.

ఇక వెనక చేత్తో మొదలుపెట్టడం. తప్పడానికి అన్నింటికంటే అనువైన నియమం ఇదే, అమెచ్యూర్లకు త్వరగా ఫలితం ఇచ్చేదీ ఇదే. జాబ్ లేకుండా రైట్ వేయొద్దని ఎందుకంటారు? వెనక చెయ్యి ఎక్కువ దూరం ప్రయాణించాలి, నడుం తిరగడం ముందే కనిపిస్తుంది, వేశాక మీ కుడి చెంప అతని లెఫ్ట్ హుక్‌కి తెరుచుకుంటుంది. సరే, మరి ప్రత్యర్థి మీ జాబ్‌కి అలవాటుపడి, అది రాగానే కుడి గ్లవ్ ముందుకు చాచి పట్టుకుంటున్నాడనుకోండి. లేదా తన జాబ్ వేశాక చెయ్యిని భుజం ఎత్తులో కాకుండా పొట్ట ఎత్తులో వెనక్కి తెస్తున్నాడనుకోండి. అప్పుడు తిన్నగా రైట్ వేయడానికి దారి తెరిచి ఉన్నట్టే. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్ మీద అలీ మొదటి రౌండ్ ఆడింది ఇలాగే. తాళ్ల మీద వాలడం అందరికీ గుర్తుంటుంది గానీ, మొదటి మూడు నిమిషాల్లో జాబ్ లేకుండా వేసిన రైట్లు చూడండి. ప్రపంచ ఛాంపియన్ మీద ఎవరూ అలా వేయరని ఫోర్‌మన్ అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు.

వేసే తీరు ఇది. ముందు రెండు మూడు మామూలు జాబ్‌లు వేసి అతని స్పందన చూడండి. తర్వాత జాబ్ వేస్తున్నట్టే ముందు భుజం విదిలించి, ముందు కాలిని నాలుగు వేళ్ల మేర ఎడమ పక్కకు, కాస్త ముందుకు వేయండి. చెయ్యి వెనక్కి లాగకుండా గడ్డం దగ్గర నుంచే బయల్దేరాలి. తల అతని మధ్య గీత మీద ఉండకుండా మీ ముందు మోకాలి మీదికి రావాలి. తగిలినా తగలకపోయినా అక్కడే నిలబడొద్దు. బరువు ముందు కాలి మీద ఉంది కాబట్టి లెఫ్ట్ హుక్ సహజంగా వస్తుంది, అది వేసి ఎడమ వైపుకు తిరిగి బయటపడండి. అతని హుక్ వస్తే దాని కిందుగా కుడి వైపుకు దొర్లండి. రౌండ్‌కి రెండు మూడుసార్లకు మించొద్దు. నాలుగోసారి కూడా వేస్తే అతను కాచుకుని ఉంటాడు. ఈ వరసలో ఎక్కువమంది చేసే తప్పు, గట్టిగా కొట్టాలన్న ఆశతో మోచెయ్యిని పక్కకు ఎగరేయడం. మోచెయ్యి లేస్తే అవతలివాడికి పావు సెకను ముందే కబురు అందుతుంది. ప్రత్యర్థి సౌత్‌పా అయితే ఇదంతా అక్కర్లేదు. అక్కడ స్ట్రైట్ రైట్ మీ ప్రధాన ఆయుధం, దాంతో మొదలుపెట్టడం మామూలు విషయమే.

సౌత్‌పా ప్రస్తావన వచ్చింది కాబట్టి, ‘ముందు పాదం ఎప్పుడూ అతని పాదానికి బయట ఉండాలి’ అన్న నియమం కూడా. పదిలో ఏడెనిమిదిసార్లు సరైనదే. కానీ ఇద్దరూ బయట కోసమే గుండ్రంగా తిరుగుతుంటే అతను మీ కదలికను ముందే ఊహిస్తాడు. ఒక్కసారి లోపలికి అడుగు వేసి లెఫ్ట్ హుక్, లేదా పొట్టకు జాబ్ వేసి వెంటనే బయటకు రండి. లోపల ఉన్నంతసేపూ అతని ఎడమ మీకు తిన్నగా ఎదురుగా ఉంటుంది కాబట్టి మీ కుడి గ్లవ్ చెంపకు అతుక్కుని ఉండాలి. అక్కడ ఒక్క పంచ్, మహా అయితే రెండు.

కాళ్లు దాటించడం గురించి రెండు భాగాలుగా చెప్పాలి. దూరంగా ఉన్నప్పుడు, అతను రెండడుగులు వేస్తే గానీ అందనప్పుడు, కాళ్లు దాటితే నష్టమేమీ లేదు. ఊరికే నడవండి, ఊపిరి తీసుకోండి. 1947 డిసెంబరులో జో లూయీని రెండుసార్లు కింద పడేసిన జెర్సీ జో వాల్కాట్ దీన్నే ఎరగా వాడేవాడు. పక్కకు తిరిగి బజారుకు పోతున్నట్టు నడిచి, వెంటపడినవాడి మీదకి చటుక్కున తిరిగి రైట్ వేసేవాడు. అమెచ్యూర్‌లో ప్రత్యర్థికి వీపు చూపించడం ఫౌల్. కాబట్టి మీరు తిరగగలిగేది పక్క భుజం వరకే.

రెండోది షిఫ్ట్. దగ్గరి దూరంలోనే, దాడిలోనే వెనక కాలిని ముందుకు దాటించడం. ఇది కొత్త ఫ్యాషన్ అనుకునేవాళ్లు, 1897 మార్చి 17న నెవాడాలోని కార్సన్ సిటీలో జిమ్ కార్బెట్‌ని 14వ రౌండ్‌లో బాబ్ ఫిట్జ్‌సిమన్స్ ఓడించింది కుడి కాలు ముందుకు మార్చి ఉదరం పైభాగంలో ఎడమ చేత్తో వేసిన దెబ్బతోనేనని గుర్తుంచుకోవాలి. షిఫ్ట్‌కి షరతు ఒక్కటే: ప్రత్యర్థి తిన్నగా వెనక్కి పోతూ ఉండాలి. జిల్లా, రాష్ట్ర స్థాయి బౌట్లలో వన్-టూ (జాబ్, వెంటనే రైట్) రాగానే తిన్నగా వెనక్కి పోయేవాళ్లు కోకొల్లలు. మామూలు స్టెప్‌తో వెంటపడితే మీ మూడో పంచ్ ఎప్పుడూ నాలుగు వేళ్లు తక్కువ పడుతుంది. అందుకని జాబ్, రైట్ వేస్తూనే కుడి కాలిని రైట్‌తో పాటు ముందుకు వదిలేయండి. పాదం నేలకు ఆనేసరికి మీరు సౌత్‌పా, మీ ఎడమ చెయ్యి వెనక చెయ్యి అయింది. ఆ ఎడమతో స్ట్రైట్ వేయండి. ఆ అదనపు దూరం అతను ఊహించడు.

ఇది చెడేది రెండు చోట్ల. కుడి కాలు ఎడమ కాలి గీత మీదే పడితే తాడు మీద నిలబడ్డట్టు అయిపోతుంది, చిన్న తోపుకే పడిపోతారు. పాదాల మధ్య భుజాల వెడల్పు మిగలాలి, అంటే కుడి కాలు ముందుకూ, కొంచెం కుడికీ వెళ్లాలి. నేల మీద రెండు సమాంతర గీతలు టేపుతో అంటించి వాటి మీద రోజూ ఇరవైసార్లు ఖాళీగా నడిస్తే ఈ తప్పు వారంలో పోతుంది. రెండో ప్రమాదం పెద్దది. అతను వెనక్కి పోకుండా నిలబడిపోతే, కాలు గాలిలో ఉన్న క్షణంలో మీ ఛాతీ మొత్తం అతనికి ఎదురుగా ఉంటుంది. అందుకే రైట్ తగిలినప్పుడు అతని వెనక కాలు కదిలిందా అని చూసే అలవాటు పడ్డాకే షిఫ్ట్‌ని స్పారింగ్‌లోకి తేవాలి.

తిన్నగా వెనక్కి వాలడం, అంటే పుల్. వద్దనడానికి కారణం తేలికే. ఒక్క పంచ్‌కే వెనక్కి వాలగలరు. రెండో పంచ్ వచ్చేసరికి ఇంకా వాలడానికి వెన్నెముక మిగలదు, కాళ్లు నేలకు పాతుకుపోయి ఉంటాయి. కాబట్టి దీన్ని ఒంటి జాబ్ వేసేవాడి మీదే వాడాలి. మొదటి రౌండ్ మొదటి నిమిషంలో లెక్కపెట్టండి: ఆ జాబ్‌లలో డబుల్ జాబ్‌లు ఎన్ని? ఐదింటిలో ఒకటి డబుల్ అయినా పుల్ మానేసి స్లిప్ (తలను పక్కకు తప్పించడం) వాడండి. ఒంటి జాబే అయితే, వెనక మోకాలు వంచి బరువంతా దాని మీదికి తేవాలి, తుంటి దగ్గర మడవాలి, గడ్డం లేవకూడదు. గ్లవ్ మీ ముక్కుకు రెండు వేళ్ల దూరంలో ఆగాలి. అతని చెయ్యి వెనక్కి మళ్లుతున్నప్పుడే మీ రైట్ దాని వెంటే పోవాలి. ఆలస్యమైతే వాలినందుకు ఫలితం లేదు.

ఇందులో మన కుర్రాళ్లు పట్టించుకోని సంగతులు రెండున్నాయి. హెడ్‌గార్డ్ పెట్టుకుంటే మీ తల చుట్టూ మందం పెరుగుతుంది. ఉత్త తలతో తప్పించుకునే పంచ్ హెడ్‌గార్డ్‌కి రాసుకుంటుంది. ఎలైట్ పురుషుల బౌట్లలో 2013 నుంచి హెడ్‌గార్డ్ తీసేశారు, మహిళలు పెట్టుకుంటారు. మీరు దేనితో ఆడతారో దానితోనే ఈ కొలత ప్రాక్టీస్ చేయాలి. రెండోది జడ్జిల చూపు. ఐదుగురు జడ్జిలు రింగ్ చుట్టూ వేర్వేరు వైపుల కూర్చుంటారు. మీ తల గబుక్కున వెనక్కి పోతే, పంచ్ తగలకపోయినా పక్క కోణంలో ఉన్నాయనకు తగిలినట్టే కనిపిస్తుంది. వెంటనే బదులు కొట్టకుండా ఉత్తినే వాలే పుల్ పాయింట్లు పోగొట్టే పనే.

తాళ్లకు ఆనడం విషయంలో నా మాట ఇంకా కఠినం. కిన్షాసాలో అలీ తాళ్లకు వాలి, మోచేతులతో కాచుకుని, ఫోర్‌మన్‌ని అలసిపోనిచ్చి 8వ రౌండ్‌లో నాకౌట్ చేశాడు. అది 15 రౌండ్ల బౌట్. మీది మూడు రౌండ్లు, ఒక్కోటి మూడు నిమిషాలు. అలసిపోయేవరకు ఆగడానికి టైమే లేదు. పైగా రెండు చేతులూ మూసుకుని ఊరికే కాచుకోవడం అమెచ్యూర్ నియమాల్లో ఫౌల్, రెఫరీ హెచ్చరిస్తాడు. బదులు లేకుండా నాలుగు పంచ్‌లు పడితే స్టాండింగ్ కౌంట్ (మీరు నిలబడి ఉండగానే రెఫరీ అంకెలు లెక్కపెట్టడం) కూడా ఇవ్వొచ్చు. మీకు పనికొచ్చేది దీని చిన్న రూపం: అతను దూకుడుగా వస్తున్నప్పుడు కావాలని తాళ్ల దగ్గరకు రానిచ్చి, రెండు పంచ్‌లు గ్లవ్‌ల మీద తీసుకుని, మూడోది బయల్దేరేలోపు ముందు కాలి మీద పక్కకు తిరిగి అతన్నే తాళ్ల వైపు పంపడం. మూడు సెకన్లకు మించకూడదు.

దూరం నుంచి అప్పర్‌కట్ (కింది నుంచి పైకి వేసే పంచ్) వేయొద్దన్న నియమం కూడా అడగదగ్గదే. చెయ్యి కిందికి దిగి పైకి లేవాలి కాబట్టి, అంతసేపూ ముఖం ఖాళీ. కానీ అవతలివాడు ముందుకు వంగి, తల కింద పెట్టుకుని లోపలికి దూరేవాడైతే మీ గ్లవ్ ఉండాల్సిన చోటికే తన తల తెస్తున్నాడు. 1973 జనవరిలో కింగ్‌స్టన్‌లో ఫ్రేజియర్‌ని ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేసినప్పుడు అప్పర్‌కట్‌లు అంతగా పనిచేసింది ఇందుకే. నిటారుగా నిలబడేవాడి మీద మాత్రం మానేయండి.

స్టాన్స్ (ఏ కాలు, ఏ చెయ్యి ముందు పెట్టి నిలబడతారన్నది) మార్చడం ఇప్పుడు ఫ్యాషన్ అయింది, టెరెన్స్ క్రాఫర్డ్ పుణ్యమా అని. అతను రెండు వైపులా అంతే బాగా ఆడేవాడు. సౌత్‌పా స్టాన్స్‌లో మీ జాబ్ గట్టిగా లేకపోతే మార్చి ప్రయోజనం లేదు. మార్విన్ హాగ్లర్ అంతటి సౌత్‌పా 1987 ఏప్రిల్ 6న షుగర్ రే లెనార్డ్ మీద ఆర్థోడాక్స్‌గా మొదలుపెట్టి తొలి రౌండ్లు వదులుకున్నాడు, 12 రౌండ్ల తర్వాత స్ప్లిట్ డెసిషన్‌లో ఓడిపోయాడు. పన్నెండు రౌండ్ల బౌట్‌లోనే ఆ ప్రయోగానికి అంత ఖరీదు పడితే, మూడు రౌండ్ల బౌట్‌లో ఒక రౌండ్ పోతే మూడో వంతు పోయినట్టే. షిఫ్ట్‌లో వచ్చే ఆ ఒక్క ఎడమ పంచ్ తప్ప, రెండేళ్లదాకా స్టాన్స్ మార్చడం బ్యాగ్ దగ్గరే ఉండనివ్వండి.

ఇప్పుడు ట్రైనింగ్. ట్రైనింగ్‌లో నియమం తప్పడానికీ బౌట్‌లో తప్పడానికీ కారణాలు వేరు. ట్రైనింగ్‌లో గెలవడం కోసం తప్పరు, ఏదో ఒక అవయవాన్ని పనిచేయించడానికి తప్పుతారు. ఉదాహరణకు రెండు చేతులూ నడుం దగ్గర పెట్టుకుని ఆడే డ్రిల్. చేతులు సాయానికి రాకపోతే కాళ్లూ కళ్లూ పనిచేయక తప్పదు. ఇలా చేయండి: 16 ఔన్సుల గ్లవ్స్, మౌత్‌గార్డ్ తప్పనిసరి. రెండు నిమిషాల రౌండ్లు మూడు. పార్ట్‌నర్ జాబ్ మాత్రమే వేస్తాడు, అదీ మూడో వంతు బలంతో, మీ నుదుటికో భుజానికో. మీరు అడుగు, పుల్, స్లిప్‌తో మాత్రమే తప్పించుకోవాలి, బదులు కొట్టకూడదు. రౌండ్‌లో మూడింటికి మించి శుభ్రంగా తగిలితే మీ దూరం తప్పు, ఇంకో అరడుగు వెనక్కి జరిగి మళ్లీ చేయండి. మూడు లోపే ఉంటే తర్వాతి సెషన్లో పార్ట్‌నర్‌కి డబుల్ జాబ్, ఆ తర్వాత వన్-టూ ఇవ్వండి. హుక్ చివర్లో. హుక్ వచ్చేసరికి మీ వెనక చెయ్యి దానంతటదే చెంప దగ్గరకు పోవడం గమనిస్తారు, అప్పుడు గార్డ్ నియమం ఎందుకుందో కోచ్ చెప్పక్కర్లేదు.

ఒకసారికి ఒకే నియమం, రెండు వారాలు. వరస ఇదే: షాడో బాక్సింగ్ (ఎదురుగా ఎవరూ లేకుండా గాలిలో ఆడటం), ప్యాడ్స్ (కోచ్ చేతికి తొడుక్కునే మెత్తలు), ఒకే రకం పంచ్‌తో పార్ట్‌నర్ డ్రిల్, సగం బలంతో స్పారింగ్, ఆఖరున మామూలు స్పారింగ్. బ్యాగ్‌ని నేను ఈ వరసలో కావాలనే పెట్టలేదు. బ్యాగ్ తిరిగి కొట్టదు కాబట్టి దాని ముందు ఏ తప్పయినా అందంగానే ఉంటుంది. స్పారింగ్ వీడియోలో కొత్త ఎత్తు ఎన్నిసార్లు పనిచేసింది, దాని వల్ల ఎన్నిసార్లు తిన్నారు, రెండూ రాసుకోండి. రెండు వారాలయ్యాక కూడా తిన్నవే ఎక్కువుంటే దాన్ని వదిలేయండి. మీ చేతుల పొడవుకో కాళ్ల వేగానికో అది సరిపడదు.

గ్లవ్స్ గురించి ఒక మాట. 16 ఔన్సుల గ్లవ్స్‌తో స్పారింగ్‌లో ఆగిన పంచ్, బౌట్‌లో 10 ఔన్సుల గ్లవ్‌తో మీ రెండు గ్లవ్‌ల మధ్య నుంచి దూరిపోతుంది. స్పారింగ్‌లో చెల్లిన వదులు గార్డ్ బౌట్‌లో చెల్లకపోవడానికి సగం కారణం ఇదే. అందుకని బౌట్‌కి ముందు కొన్ని డ్రిల్స్ అయినా, తేలిక బలంతో, బౌట్ గ్లవ్స్‌తో చేయాలి.

చూసి నేర్చుకునేందుకు పన్నెండు రౌండ్ల ప్రొఫెషనల్ బౌట్ల కంటే మీ ఫార్మాట్ బౌట్లే ఎక్కువ ఉపయోగం. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ టైటిళ్లు గెలిచిన బౌట్లు దొరుకుతాయి. సౌండ్ ఆపేసి చూడండి. చేతులు దిగిన ప్రతిసారీ ఆపి, ఇద్దరి ముందు పాదాల మధ్య దూరం చూడండి. ఆ దూరమే మీకు పాఠం.

ఏం చేసినా ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. గడ్డం లేపడం, పంచ్ వస్తుంటే కళ్లు మూసుకోవడం, ఊపిరి బిగపట్టడం, దగ్గరి దూరంలో రెండు కాళ్లూ ఒకే గీత మీద పెట్టి ఛాతీ చూపించడం. వీటిని తప్పి లాభపడిన పరిస్థితి ఏదీ లేదు. అలాగే దెబ్బ తగిలి తల తిరిగినప్పుడు, కోపం వచ్చినప్పుడు, ఊపిరి అందనప్పుడు ప్రయోగాలన్నీ ఆపేసి మొదటి నెలలో నేర్చుకున్న గార్డ్‌లోకి వెళ్లాలి. స్పారింగ్‌లో తలనొప్పి, మసక చూపు, వికారం వస్తే ఆ రోజుకి అంతే. డాక్టర్ చూసేదాకా స్పారింగ్ వద్దు.

బౌట్‌కి పది రోజుల ముందు నుంచి కొత్తదేదీ పెట్టుకోవద్దు. ఏ ఒక్క నియమాన్ని ఎప్పుడు తప్పబోతున్నారో కోచ్‌కి ముందే చెప్పండి, ఆయన ముందు ప్యాడ్స్ మీద చేసి చూపించండి. చెప్పకపోతే మీరు కావాలని చెయ్యి దించినా కార్నర్ నుంచి ‘గార్డ్, గార్డ్’ అని అరుపు వస్తుంది, మీరు అటు తల తిప్పుతారు, అతని రైట్ అప్పుడే వస్తుంది. ఇద్దరూ కలిసి ఒక్క మాట పెట్టుకోండి, ‘పైకి’ అనో మరొకటో. విరామంలో ఆయన ఆ మాట అంటే తర్వాతి రౌండ్ అంతా మామూలు గార్డ్‌తోనే ఆడాలి. ఎందుకన్నది బౌట్ అయ్యాక మాట్లాడుకోవచ్చు.